పట్టిక పెరిగితే బాధ్యత ఎవరిది?

సంఘం ఉత్సవానికి హాలు కుదరగానే కుర్చీల పట్టిక తయారుచేసే పని మనలో ఒక కంప్యూటరు ఉద్యోగి నెత్తిన పడడం ఆనవాయితీ. వరుసకు 20 కుర్చీలనుకొని ప్రోగ్రాము వ్రాసుకొంటాడు. తీరా పక్షం రోజుల ముందు కార్యవర్గంవారు హాలు మార్చి 24 అంటారు. కొలతలు ముందుగా తెలియని పట్టికను కంప్యూటరులో ఎలా నిలపాలన్న ప్రశ్న ఇంత మామూలుగా ఎదురౌతుంది.

కంప్యూటరు మెమరీకి అడ్డమూ నిలువూ తెలియవు. అది ఒకే పొడవాటి వీధి. ఇళ్ళకు వరుస సంఖ్యలుంటాయి, అంతే. లెక్క 0 నుంచి మొదలుపెడితే, వరుసకు 20 కుర్చీలున్నప్పుడు 2వ వరుసలో 5వ కుర్చీ స్థానం 2×20+5, అనగా 45. వరుసకు 24 అయితే అదే కుర్చీ 53కు జరుగుతుంది. తొలి వరుస తప్ప అన్నీ కదలవలసిందే. అదే చివర మరొక వరుస చేర్చితే ఎవరి సంఖ్యా మారదు.

మన తరంలో చాలామందికి నేర్పిన పద్ధతి వేరు: ఒక్కొక్క అడ్డువరుసకు విడిగా స్థలం తెచ్చి, ఆ చిరునామాలను ఇంకొక జాబితాలో ఉంచుకోవడం. చూడ ముచ్చటగానే ఉంటుంది కాని, నా దృష్టిలో అది చెడ్డ అలవాటు. 1000 వరుసలకు 1001 సార్లు స్థలం అడగాలి, 1001 సార్లు తిరిగి అప్పగించాలి. పైగా ప్రాసెసర్లు పక్కపక్కనున్న విలువలను సాధారణంగా 64 బైట్ల చొప్పున ఒక్కసారే తెచ్చుకొంటాయి; చిన్న చిన్న వరుసలు చెల్లాచెదరుగా ఉంటే ఆ సౌకర్యం వృథా. విసనకర్ర ఆకారపు హాలులో వరుసకొక పొడవుంటే మాత్రం విడి వరుసలే సరి. అక్కడ నాకు పేచీ లేదు.

బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో ఆరంభించగా 1983లో సి ప్లస్ ప్లస్ అని పేరు పొందిన భాషలో పట్టికను ఒక క్లాసుగా వ్రాసి, స్థలం తెచ్చే పని కన్‌స్ట్రక్టరుకూ, అప్పగించే పని డిస్ట్రక్టరుకూ ఒప్పగించవచ్చును. నేనొకసారి ఇక్కడే బోర్లాపడ్డాను. పట్టికను ఒక ఫంక్షనుకు పంపుతూ ఆంపర్‌సాండ్ గుర్తు మరచిపోయాను. దానితో నకలు తయారైంది. కాని నకలుకు వెళ్ళింది చిరునామా మాత్రమే, స్థలం ఒక్కటే! ఫంక్షను ముగియగానే నకలు తన డిస్ట్రక్టరుతో అసలుదాని స్థలాన్ని కూడా అప్పగించివేసింది. నా బల్ల మీద వారం రోజులు చక్కగా నడిచిన ప్రోగ్రాము పై అధికారుల ఎదుట కుప్పకూలింది. గుర్తు పెట్టి ఊరుకొంటే చాలదు. నకలు ఎలా తీయాలో క్లాసులోనే వ్రాయాలి, లేదా నకలునే నిషేధించాలి.

1998 ప్రమాణంలో చేరిన వెక్టర్‌ను క్లాసు లోపల దాచుకొంటే ఈ బాధలు చాలావరకు తీరుతాయి. "లైబ్రరీలుండగా మాకెందుకీ గొడవ?" అని పిల్లలు అడుగుతారు. రీసైజు చేసినంత మాత్రాన వెక్టర్ వరుసలను సర్దదు, కొస పెంచుతుందంతే. ఆపైన వరుసకు 24 చొప్పున చదివితే రెండవ వరుసలోని నలుగురు మొదటి వరుస చివర కూర్చొని ఉంటారు! పైథాన్‌లో నమ్‌పై అరేను రీసైజు చేసినా ఇదే తీరు. ఎవరికి 24 కావాలో లైబ్రరీకి తెలియదు, క్లాసుకే తెలుసు.

అందుకే కొత్త స్థలం తెచ్చి, పాత వరుసలను ఒక్కొక్కటిగా మోసే ఆ పది పన్నెండు పంక్తులను పిల్లలచేత ఒక్కసారైనా స్వయంగా వ్రాయించమంటాను. 24 కాస్తా 18కి తగ్గినప్పుడు ఎవరిని లేపాలో కూడా అప్పుడు వాళ్ళే తేల్చుకోవాలి.