కలుపు మందు వెనుక దాగిన ప్రమాదం

వరి నాట్లు పడిన కొద్ది రోజుల్లోనే బ్యూటాక్లోర్ గానీ, ప్రెటిలాక్లోర్ గానీ ఇసుకలో కలిపి చల్లడం మన రైతులకు అలవాటే. ఈ మందులను జాగ్రత్తగా వాడాలని అందరూ చెబుతారు. అవి దేనితో తయారవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ రెండింటి తయారీలోనూ వాడే ముఖ్యమైన ముడిసరుకు క్లోరో ఎసిటైల్ క్లోరైడ్.

చూడటానికి ఇది రంగులేని లేదా లేత పసుపు ద్రవం. వాసన ఘాటుగా ఉండి కళ్ల వెంట నీళ్లు కారుస్తుంది. ఒంటిమీద పడితే చర్మం కాలిపోతుంది. దీనికి నీటితో అసలు పడదు. తడి తగిలితే వేడెక్కి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పొగలు కక్కుతుంది. చివరికి మిగిలే క్లోరో ఎసిటిక్ యాసిడ్ కూడా విషమే. పొగ పీల్చిన మనిషి అప్పటికి బాగానే ఉన్నా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

1984 డిసెంబరులో భోపాల్‌లో జరిగిందేమిటి? పురుగు మందు తయారీకి నిల్వ చేసిన మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరింది. వేలమంది బలయ్యారు. అక్కడి రసాయనం వేరు, కానీ పాఠం ఒక్కటే. పొలానికి చేరే మందు కన్నా దాని ముడిసరుకు ఎన్నో రెట్లు ప్రమాదకరం కావచ్చు. ఆ ప్రమాదాన్ని మోసేది ఫ్యాక్టరీలో పనిచేసే కూలీలు, దాని గోడ పక్కన బతికే పల్లెలు.

మరో ముప్పు పాత డ్రమ్ములు. చౌకగా దొరికాయని రసాయనాల డ్రమ్ములు కొని నీళ్లకూ, గింజలకూ వాడొద్దు. అడుగున మిగిలిన కాస్త ద్రవం మీద నీళ్లు పోస్తే విషపు పొగలు లేస్తాయి. ఒంటిమీద పడినప్పుడు మాత్రం తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, కనీసం పావుగంట ధారాళంగా నీళ్లతో కడగాలి. పొగ పీల్చినవారిని, బాగానే ఉన్నారనిపించినా, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

భారీ ప్రమాదానికి ఆస్కారమున్న పరిశ్రమలు చుట్టుపక్కల ప్రజలకు ముందుగానే సమాచారం ఇవ్వాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ సమాచారం తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద కనబడాలి. కాంట్రాక్టు కార్మికులకు సైతం రక్షణ సామగ్రి, శిక్షణ ఇవ్వాలి. వాడేసిన డ్రమ్ములు ఊళ్లలో అమ్మకుండా అధికారులు అడ్డుకోవాలి. ఇవి మా డిమాండ్లు. ఫ్యాక్టరీల పక్కనున్న గ్రామాల సంఘ శాఖలు వచ్చే గ్రామసభలోనే ఈ ప్రశ్నలు లేవనెత్తాలని కోరుతున్నాం. పంటను కాపాడే మందు కోసం పల్లెను పణంగా పెట్టడానికి మేము ఒప్పుకోం.