ఉద్యోగానికి అసలు అర్థం

ఒక పదానికి అర్థం మారిందంటే, ఆ పదాన్ని వాడే సమాజపు ఆలోచన కూడా ఎంతోకొంత మారిందని గ్రహించాలి. 'ఉద్యోగం' అటువంటి పదం. నేటి వ్యవహారంలో ఉద్యోగమంటే నెల తిరిగేసరికి జీతం ముట్టే కొలువు. సంస్కృతంలో ఈ పదానికి ప్రయత్నం, పూనిక, సన్నాహం అనే అర్థాలున్నాయి. మహాభారతంలోని పదునెనిమిది పర్వాలలో ఒకటి ఉద్యోగపర్వం. తిక్కన సోమయాజి దానిని తెనిగించాడు. అజ్ఞాతవాసం ముగించిన పాండవులు తమ రాజ్యభాగాన్ని తిరిగి పొందడానికి చేసిన ప్రయత్నాలు, సాగిన రాయబారాలు, కూర్చుకొన్న బలగాలు అందులోని ఇతివృత్తం. ఆ పర్వానికి జీతంతోగాని, కొలువుతోగాని సంబంధం లేదు. ఒక లక్ష్యం కోసం నడుం బిగించడమే అక్కడ ఉద్యోగం.

పూనిక అనే అర్థం గల పదం కొలువు అనే అర్థానికి కుదించుకుపోవడం వెనుక కారణాలు లేకపోలేదు. పరాయి పాలనలో కచేరీ కొలువు గౌరవానికి గుర్తయింది. కరవులను, అప్పులను చవిచూసిన కుటుంబాలు నెలజీతంలోని నిశ్చింతను కోరుకోవడంలో తప్పు లేదు. అయితే చదువుకు కొలువు ఒక్కటే ఫలమన్న భావన క్రమంగా పాతుకుపోయింది. ఒక కొత్త వస్తువును తయారుచేయాలని, నలుగురికి పని కల్పించాలని పూనుకొన్న యువకుడిని 'ఏ ఉద్యోగమూ లేనివాడు' అని లోకం జాలిగా చూస్తుంది. ఆ పదానికి ఇంతకన్న అన్యాయం మరొకటి లేదు. నిజానికి అసలైన ఉద్యోగి అతడే.

ఒక పరిశ్రమ స్థాపించడానికి మెరుపువంటి ఆలోచన కావాలని, అది ఏ కొందరికో తడుతుందని చాలామంది నమ్ముతారు. ఆలోచనలు అంత అరుదైనవి కావు. రచ్చబండ దగ్గరా, రైలుపెట్టెలోనూ రోజూ ఎన్నో ఆలోచనలు వినిపిస్తాయి. అరుదైనవి రెండే. ఒకటి, ఎదుటివారి బాధను తన బాధగా భావించగల హృదయం. రెండవది, ఆ బాధ తీరేవరకు పట్టిన పనిని విడువని ఓర్పు. పెట్టుబడి, విపణి, ప్రచారం ముఖ్యమైనవే కాని అవి ఈ రెండింటి తరువాత వచ్చేవి. సుమారు నూరేళ్ల ఎడంతో ఇద్దరు తెలుగువారు సాగించిన కృషి ఇందుకు సాక్ష్యం. ఒకరిది తలనొప్పిని తగ్గించే ప్రయత్నం. మరొకరిది భుజం నొప్పిని తప్పించే ప్రయత్నం.

మొదటివారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో జన్మించిన ఆయన చెన్నపట్నంలో చదువుకొని, కలకత్తా, బొంబాయి నగరాలలో పనిచేస్తూ వ్యాపారపు మెళకువలు నేర్చుకొన్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం అనే లేపనాన్ని తయారుచేయసాగారు. కొత్త మందును జనం వెంటనే నమ్మరు. తలకు రాసుకొని ఉపశమనం పొందినవారికి మాత్రం వేరే ప్రకటనలు అక్కరలేదు. ఈ సూక్ష్మం గ్రహించిన పంతులుగారు సంగీతసభలలో తమ లేపనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని ప్రసిద్ధి. గంటల తరబడి కచేరీ వినే రసికులే ఆ మందు గుణాన్ని నలుగురికీ చెప్పేవారయ్యారు. సరుకు మీద నమ్మకం కలిగించడమే అమ్మకానికి మొదటి మెట్టని ఆయన ఏ శాస్త్రగ్రంథమూ చదవకుండానే తెలుసుకొన్నారు.

ఆ లాభాలను ఆయన వినియోగించిన తీరు మరింత గమనింపదగినది. 1908లో బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో అది మద్రాసు నుండి దినపత్రికగా వెలువడింది. 1924లో 'భారతి' మాసపత్రిక పుట్టింది. ఆంధ్రగ్రంథమాల ద్వారా ప్రాచీన, ఆధునిక గ్రంథాలెన్నో చౌకగా పాఠకుల చేతికి అందాయి. ఒక చిన్న సీసాలోని మందు ఒక భాషాసాహిత్యాలకు అంతటి అండ కావడం అబ్బురమే. దేశోద్ధారకుడు, విశ్వదాత అని తెలుగువారు ఆయనను పిలుచుకొన్నది వ్యాపారంలో గడించినందుకు కాదు. గడించినదాన్ని అలా వెచ్చించినందుకు.

రెండవవారు చింతకింది మల్లేశం. ఆయన స్వగ్రామం ఆలేరు సమీపంలోని శారాజీపేట. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఆ గ్రామం ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పోచంపల్లి పేరుతో లోకప్రసిద్ధి పొందిన చీరలను నేసే పల్లెలలో అదొకటి. ఈ చీరలలో రంగులు బట్ట మీద అద్దినవి కావు. నేతకు ముందే నూలుకు ముడులు వేసి, రంగులలో ముంచి, ఆ తరువాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. ముడులు వేయడానికి అనువుగా నూలును లెక్కప్రకారం మేకుల చుట్టూ పోసే పనిని 'ఆసు పోయడం' అంటారు. క్షణం తీరిక లేక అటూఇటూ తిరిగే మనిషిని 'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అనడం తెలుగువారి జాతీయం. ఆ జాతీయాన్ని నిత్యం వాడేవారిలో ఎందరికి ఆ కండెను తిప్పే చేయి గుర్తుకు వస్తుంది?

ఆ చేయి సాధారణంగా ఇంటి ఇల్లాలిది. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల మీదుగా దారాన్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిపించాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఒక్కొక్క చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి ఈ పని చేసి భుజం నొప్పితో, మోచేతి నొప్పితో బాధపడ్డారు. ఆసు లేనిదే చీర లేదు. చీర లేనిదే కుటుంబానికి గడవదు. తరతరాలుగా ప్రతి నేతయింటా ఉన్న నొప్పి కనుక దానిని ఎవరూ సమస్యగా భావించలేదు, తలరాతగానే భావించారు. నిత్యం కళ్లముందుండే కష్టాన్ని తప్పించుకోరానిదిగా కాక తప్పించదగినదిగా చూడడమే నవకల్పనకు తొలి అడుగు. ప్రాథమిక విద్య దాటి ఎంతో చదవని మల్లేశం వేసిన అడుగు అదే.

1992 ప్రాంతంలో ఆయన ఆసుయంత్రం తయారీకి పూనుకొన్నారు. యంత్రశాస్త్రం తెలియదు, మార్గం చూపేవారు లేరు. ఒక కదలికను సాధిస్తే మరొక కదలిక కుదరలేదు. చేతిలోని డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు ఖర్చయిపోయాయి. మానవుల చేతికే అలవడిన పనిని యంత్రం చేస్తుందా అని ఊరివారు నవ్వారు. నడుమ బ్రతుకుతెరువు కోసం హైదరాబాదు చేరి కూలికి పనిచేయవలసి వచ్చింది. అక్కడ కూడా ఆ పూనిక ఆయనను వదలలేదు. ఒకనాడు బాలానగర్‌లోని ఒక కార్ఖానాలో మరొక పనికోసం నడుస్తున్న యంత్రంలోని కదలికను చూసి, తనకు చిక్కకుండా ఉన్న చివరి కీలకాన్ని పట్టుకొన్నారు. 1999లో ఆసుయంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగిసే వీలు కలిగింది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరు పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నారు.

అక్కడితో కథ ముగిసిందనుకోవడం పొరపాటు. ఒక్క ఇంటిలో తిరిగే యంత్రం ఒక నైపుణ్యానికి నిదర్శనం మాత్రమే. ఊరూరా తిరిగినప్పుడే అది పరిశ్రమ. నేతకారుడు కొనగలిగే ధరకు యంత్రాన్ని తయారుచేయాలి, పాడైతే బాగుచేయాలి, వాడినవారి సూచనలను బట్టి మెరుగుపరచాలి. మల్లేశం ఈ పనులన్నింటికీ పూనుకొని వందలాది కుటుంబాలకు యంత్రాలను అందించారు. గ్రామీణ ప్రతిభను వెలికితీసే పల్లెసృజన వంటి సంస్థలు, జాతీయ స్థాయిలో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన కృషిని గుర్తించాయి. భారత ప్రభుత్వం 2017లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 2019లో ఆయన జీవితం చలనచిత్రంగా కూడా వచ్చింది.

యంత్రం వస్తే చేతిపని పోదా అన్న ప్రశ్న ఇక్కడ సహజం. యంత్రాల విషయంలో ఎంతో జాగరూకత వహించిన గాంధీజీ 1924లో కుట్టుయంత్రానికి మినహాయింపు ఇచ్చారు. భార్య పడే శ్రమను చూసి కలిగిన ప్రేమతో సింగర్ దానిని కల్పించాడన్నది ఆయన భావన. మనిషిని పనినుంచి తరిమే యంత్రం వేరు, మనిషిని నొప్పినుంచి విడిపించే యంత్రం వేరు. ఆసుయంత్రం చేనేతను తొలగించలేదు. చేనేతలోని ఒక హింసను తొలగించింది. కొత్తగా పరిశ్రమ తలపెట్టే ప్రతివారూ తమ ప్రయత్నాన్ని ఈ గీటురాయి మీద పరీక్షించుకోవాలి.

పెట్టుబడి లేనివాడికి ఈ మాటలన్నీ ఏటి ఒడ్డున చెప్పే ఈత పాఠాలని కొందరు ఆక్షేపించవచ్చు. అందులో నిజం లేకపోలేదు. 1992కు, 1999కు నడుమ గడిచిన ఏడేళ్లలో ఏ నాడైనా అప్పుల భారం మల్లేశం పట్టుదలను జయించి ఉంటే, నేడు ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు. అలా తెలియకుండా పోయిన పేర్లు ఎన్నో ఉంటాయి. విజేతల జీవితాలను మాత్రమే చదివి, పట్టుదల ఉంటే చాలునని బోధించడం సగం సత్యమే. మొలకకు తడి అవసరమైనప్పుడు నీరు పోయక, పండ్లు కాచిన తరువాత పందిరి వేయడం సమాజానికి అలవాటు. పురస్కారాలు, సన్మానాలు, చలనచిత్రాలు అన్నీ 1999 తరువాతి విషయాలు. ఆయనకు చేయూత కావలసినది అంతకుముందు.

ఇటీవలి కాలంలో ఈ దిశగా కొంత కదలిక వచ్చింది. 2015లో హైదరాబాదులో టీ-హబ్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వెలిశాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం స్టార్టప్ ఇండియా పథకాన్ని ప్రారంభించింది. ఇవి ఆహ్వానింపదగినవే. అయితే ఆంగ్లంలో నివేదిక సమర్పించగల పట్టభద్రుడికి తెరుచుకొనే తలుపు, మగ్గం ముందు కూర్చున్న యువకుడికి, పొలం గట్టు మీది రైతుకూ తెరుచుకోవాలి. కళాశాలలు తమ విద్యార్థులను ఊరి వృత్తిపనుల వద్దకు పంపి అక్కడి ఇబ్బందులను పరిశీలింపజేయాలి. అన్నిటికన్న ముఖ్యంగా, ఓడిపోయిన ప్రయత్నాన్ని అపరాధంగా చూసే దృష్టి కుటుంబాలలో మారాలి. నిజాయితీగా ప్రయత్నించి నష్టపోయినవాడు అనుభవాన్ని సంపాదించినవాడే. మరొకసారి ప్రయత్నించే అవకాశం అతనికి ఉండాలి.

అందరూ పరిశ్రమలు స్థాపించవలసిన పని లేదు. కొలువులో ఉంటూనే ఒక కొత్త పద్ధతితో పదిమంది శ్రమను తగ్గించిన ఉపాధ్యాయుడు, గుమస్తా, ఆరోగ్య కార్యకర్త కూడా అసలైన అర్థంలో ఉద్యోగులే. అటువంటి పూనిక లేనప్పుడు ఎంత పెద్ద జీతమైనా కొలువు మాత్రమే అవుతుంది.

చదువు ముగించిన యువతీయువకులను కలిసిన ప్రతి పెద్దమనిషి అడిగే ప్రశ్న ఒకటే: "ఉద్యోగం వచ్చిందా?" ఉద్యోగం ఎక్కడినుంచో వచ్చేది కాదు, తలపెట్టవలసినదని తిక్కన కాలంనాటి తెలుగు చెబుతున్నది. "ఏ ఉద్యోగం తలపెట్టావు?" అని పెద్దలు అడగడం మొదలుపెట్టిన నాడు ఆ పదానికి పోయిన అర్థం తిరిగి వస్తుంది. దానితోపాటు, తల్లి భుజం నొప్పిని చూసి ఊరుకోలేని మరికొందరు మల్లేశాలకు ధైర్యమూ వస్తుంది.