ముందు మంచంలో ఉన్న మనిషిని అడగాలి

కామారెడ్డి జిల్లా మాచారెడ్డి మండలంలోని ఒక తండాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన తల్లి ఉందనుకుందాం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రిలో ఇక నొప్పి తగ్గించడమే మిగిలిందని చెప్పి ఇంటికి పంపారు. రిపోర్టులు దుబాయ్‌లో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో వెళ్లాయి. మందులివ్వడానికి వచ్చిన నర్సును అల్లుడు వాకిట్లోనే ఆపుతాడు. "అత్తమ్మకు ఏం జెప్పకుండ్రి సిస్టర్, గడ్డ అని జెప్పినం. తెలిస్తే దిగులుతోనే పోతది." లోపలికి వెళ్తే ఆమె నర్సు చెయ్యి పట్టుకుని "నాకేమైంది బిడ్డా?" అని అడుగుతుంది.

ఆ అల్లుడిది ప్రేమే. అప్పు చేసి ఆస్పత్రుల చుట్టూ తిరిగినవాళ్లను నిందించడం అన్యాయం. కానీ ఆమెకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఆమె లేని చోట జరిగిపోతుంటే, దానికి 'మన సంస్కృతి' అని పేరు పెట్టి ఊరుకోవడం నాకు ఒప్పుదల కాదు. ఎవరి సంస్కృతి? రైతులు, బీడీలు చుట్టే మహిళలు, లంబాడాలు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి బతికే జిల్లా ఇది. లంబాడాల భాష గోర్ బోలీ తప్ప రాని అవ్వకు తెలుగులో చెప్పే జాగ్రత్తలు సగమే చేరతాయి. కొందరు ఆడవాళ్లు పుండు కడగడానికి నర్సమ్మే రావాలంటారు. రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పట్టుబట్టే పెద్దాయనకు నాలుగు గంటలకోసారి మార్ఫిన్ ఎలా? రోజుకు రెండుసార్లు వేసుకునే, నెమ్మదిగా పనిచేసే మాత్ర కుదురుతుందేమో డాక్టరు చూడాలి. సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి. కానీ ఆయన ఉపవాసం ఉండాలనుకుంటున్నాడో లేదో ముందు ఆయన్నే అడగాలి. ముస్లిం కాబట్టి ఉంటాడనుకోవడమూ తప్పే.

1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతే చెబుతుంది. లాస్ ఏంజిలిస్‌లో 65 ఏళ్లు దాటిన 800 మందిని అడిగితే, శరీరమంతా పాకిన క్యాన్సర్ గురించి రోగికి చెప్పాలన్నవారు యూరప్ మూలాల వారిలో 87 శాతం, కొరియన్ మూలాల వారిలో 47 శాతం. వర్గాల మధ్య తేడా పెద్దదే. అయినా కొరియన్లలోనూ దాదాపు సగం మంది చెప్పాలనే అన్నారు. మంచంలో ఉన్న మనిషి ఏ సగంలో ఉన్నారో కులమూ మతమూ చూసి చెప్పలేం.

రోగి మాటకే విలువిచ్చే దారిలో చట్టం ఆలస్యంగా నడిచింది. 2004లో కండరాల క్షీణతతో బాధపడుతున్న కె. వెంకటేశ్ అవయవదానం కోసం తన ప్రాణం ముగించుకోనివ్వమని కోరితే హైదరాబాద్‌లోని హైకోర్టు కాదంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును, చికిత్స గురించి ముందే రాసిపెట్టుకునే ముందస్తు వీలునామాను గుర్తించింది. మెజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదని, ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని 2023 జనవరిలో ఆ వీలునామా నిబంధనలను సడలించింది. మంచిదే. అయితే తండాలో ఉన్న అవ్వకు కాగితం కంటే ముందు కావాల్సింది ఒక ప్రశ్న. "అమ్మా, ఆస్పత్రిల మీకు ఏం జెప్పిండ్రు? ఇంకా తెలుసుకోవాలనుందా, కొడుకుకు జెప్తే సాలా?" 'వాడికే జెప్పుండ్రి' అని ఆమె అంటే అదీ ఆమె నిర్ణయమే. దాన్నీ అంతే గట్టిగా కాపాడాలి.

ఈ ప్రశ్న అడగగలిగేది నర్సే. డాక్టరు నిమిషాల్లో ముగిస్తాడు, నర్సు పుండు కడుగుతూ పక్కనే కూర్చుంటుంది. కానీ జబ్బు పేరు చెప్పే అధికారం ఆమెకు ఇవ్వం, బంధువులు కసిరితే వెనక నిలబడేవారూ ఉండరు. ఇంటింటికీ వెళ్లి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ సేవల్ని రాష్ట్ర ప్రభుత్వం 'ఆలన' పేరుతో నడుపుతోంది. ఆ సేవల కేసు షీటులో నొప్పి స్థాయి పక్కనే మరో మూడు గడులు ఉండాలి: రోగి ఎంత తెలుసుకోవాలంటున్నారు, తన తరఫున ఎవరు మాట్లాడాలంటున్నారు, ఏ భాషలో చెబితే అర్థమవుతుంది. వాటిని నింపింది నర్సయినా, డాక్టరు చదివి సంతకం పెట్టాలి. తండాల నుంచే వచ్చి నర్సింగ్ చదివిన ఆడపిల్లలను ముందు 'ఆలన' వాహనాల్లో పంపాలి.