విదేశ విద్యార్థివేతనములు - భాషావిద్యార్థి అర్హత

ఇంజనీరింగు, వైద్యము, వాణిజ్యశాస్త్రము చదివిన యువకుడు విదేశమునకు పోయి పైచదువు చదువగోరినచో, ఎందుకని ఎవ్వరును ప్రశ్నింపరు. తెలుగో, కన్నడమో, బంగాళీయో చదివిన విద్యార్థి అదే కోరికను వెలిబుచ్చినచో, మన భాష చదువుటకు పరదేశ మెందుకను ప్రశ్న మొట్టమొదట ఎదురగును. ఇంటిలో పెద్దలు అడిగినపుడు దీనికి ఏదో యొక సమాధానము చెప్పుకొనవచ్చును. ఇదే ప్రశ్న ప్రభుత్వ నిబంధనగా రూపొందినపుడు మాత్రము భాషాపండితులు దానిని శ్రద్ధతో పరిశీలింపవలసియుండును. 2022 ఫిబ్రవరిలో అట్టి నిబంధన యొకటి వెలువడినది.

కేంద్ర ప్రభుత్వమున సామాజిక న్యాయ, సాధికారతా మంత్రిత్వశాఖ నిర్వహించు జాతీయ విదేశ విద్యార్థివేతన పథకము 1954-55లో ప్రారంభమైనది. విదేశములలో ఎం.ఏ. స్థాయి చదువునకును, పిహెచ్.డి. పట్టమునకును అది తోడ్పడును. 2022 నాటి నిబంధనావళిని బట్టి సంవత్సరమునకు 125 వేతనములు గలవు. అందు 115 షెడ్యూల్డు కులముల వారికి, 6 విముక్త, సంచార, అర్ధసంచార జాతుల వారికి, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకును సంప్రదాయ వృత్తులవారికిని చెందును. కుటుంబ వార్షికాదాయము 8 లక్షల రూపాయలకు మించరాదు. అభ్యర్థికి 35 ఏండ్లు నిండియుండరాదు. అర్హత పరీక్షలో నూటికి 60 మార్కులైనను వచ్చియుండవలెను. చేరబోవు విశ్వవిద్యాలయము క్యూ.ఎస్. ర్యాంకులలో మొదటి 500లో నుండవలెను.

ఇంతవరకు భాషావిద్యార్థికి ప్రత్యేకముగా కలుగు నష్టము లేదు. నష్టమంతయు ఆ యేట క్రొత్తగా చేర్చిన యొక నిబంధనలో నున్నది. భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారతదేశ విషయకమైన సామాజికాధ్యయనము - వీనికి సంబంధించిన పరిశోధన విషయములుగాని పాఠ్యక్రమములుగాని ఈ వేతనమునకు అర్హములు కావని దాని సారాంశము. ఏ విషయము ఈ కోవలోనికి వచ్చునో నిర్ణయించు తుది అధికారము ఎంపిక సంఘమునకు వదలివేయబడినది.

ఇట్టి విషయములకు కావలసిన సామగ్రియు, నిపుణులును, విశ్వవిద్యాలయములును దేశమునందే సమృద్ధిగా నున్నారనియు, పరిమితమైన వేతనములను ఇతర శాస్త్రములకు వినియోగించుట మేలనియు శాఖవారు తెలిపిన కారణము. పైకి ఇది సబబుగనే తోచును. సామగ్రి ఎచ్చట నున్నదో విద్యయు అచ్చటనే యున్నదని భావించుట దీనికి ఆధారము. భాషాధ్యయన చరిత్ర ఈ భావమును బలపరచుట లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి జీవితమే ఇందులకు తార్కాణము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తెలుగు చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు పోయి, అచ్చట 1955లో ఎం.ఏ. పట్టమును, 1957లో పిహెచ్.డి. పట్టమును ఆయన పొందిరి. పరిశోధన విషయము తెలుగు ధాతువులు. ఆ సిద్ధాంతవ్యాసము 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా 'తెలుగు వెర్బల్ బేసెస్' అను పేర గ్రంథరూపమున వెలువడినది. తెలుగు ధాతువులకు కావలసిన సామగ్రి అమెరికాలో లేదు. శాసనములు, కావ్యములు, పల్లె ప్రజల నోటిమాట, సోదర భాషలు మాటాడు జనులు - ఇవి యన్నియు ఇచ్చటనే యున్నవి. అచ్చట లభించినది వర్ణనాత్మక భాషాశాస్త్ర పద్ధతి, ధ్వనుల మార్పును సోదర భాషల సాక్ష్యముతో నిర్ధారించు తౌలనిక శిక్షణ. భాషాశాస్త్రము ప్రత్యేక శాఖగా అప్పటికి దేశమున కొలది చోట్లనే నెలకొనియుండెను.

ఆ విద్య విదేశముననే నిలిచిపోలేదు. 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర శాఖకు ఆయన తొలి ఆచార్యులైరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయ పదముల సంపుటము ఆ యేడే వెలువడినది. పెన్సిల్వేనియాలో నేర్చిన పద్ధతి తెలుగు రైతు నాగలికిని, కాడికిని, వాని భాగములకును వాడు మాటలను జిల్లాల వారీగా నమోదు చేయుటకు వినియోగపడినది. 1986 నుండి 1993 వరకు ఆయన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఒక విద్యార్థి విదేశ విద్య వలన ఒక ప్రాంతమునకు ఇంతకంటె ఎక్కువ ప్రతిఫలము లభించిన సందర్భములు అరుదు.

సామగ్రి యంతయు స్వదేశముననే యున్నదనుట కూడ సంపూర్ణ సత్యము కాదు. తెలుగులో తొలి ముద్రిత గ్రంథములు వెలువడినది జర్మనీలోని హాలె నగరమున. చెన్నపట్టణమున క్రైస్తవ మతప్రచారకుడుగా పనిచేసి తిరిగిపోయిన బెంజమిన్ షుల్జ్ 1740-50 మధ్య వానిని అచ్చొత్తించెను. తెలుగు ముద్రణ చరిత్రను వ్రాయబూనిన విద్యార్థి హాలె నగరపు భాండాగారమును చూడక తన పనిని పూర్తిచేయజాలడు. కర్నల్ మెకంజీ సేకరణములలో స్థానిక భాషల లిఖితములు పెక్కు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నుండగా, మరికొంత భాగము లండనులో బ్రిటిష్ లైబ్రరీ అధీనమున నున్నది. రెండు భాగములను కలిపి చదువదలచిన పేదవిద్యార్థికి ఓడ లేక విమానము ఎక్కించువారు ఎవరైనను ఉండవలెను గదా.

ఈ పథకమునకు అర్హులైనవారిలో అత్యధికులు షెడ్యూల్డు కులముల వారు. కావున అంబేద్కరుగారి విద్యాభ్యాసమును ఇచ్చట స్మరించుట సముచితము. 1913లో బరోడా సంస్థానాధీశుడు శాయాజీరావు గైక్వాడు ఇచ్చిన విద్యార్థివేతనముతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. 1915లో ఎం.ఏ. పట్టమునకై సమర్పించిన వ్యాసము ప్రాచీన భారత వాణిజ్యమును గురించినది. 1916లో అచ్చటి మానవశాస్త్ర సెమినారులో చదివిన ప్రసిద్ధ వ్యాసము భారతదేశమున కులముల పుట్టుకను గురించినది. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రముల ఆర్థికవ్యవస్థా పరిణామమును వివరించు గ్రంథము 1925లో వెలువడినది. దానిని ఆయన తన విద్యకు తోడ్పడిన బరోడా మహారాజునకే అంకితమిచ్చిరి. ఈ మూడింటిలో ఒకటి చరిత్ర, ఒకటి సామాజికాధ్యయనము, ఒకటి భారత పరిపాలనకు చెందినది. 2022 నాటి నిబంధన 1913లో బరోడా సంస్థానమున నుండినచో, ఈ విషయములకు వేతనము లభించెడిది కాదు. ఆయన వారసులకై ఏర్పడిన పథకమునకు ఇట్టి నిబంధన తగునా యని ఆలోచింపవలెను.

ఈ నిషేధము వలన నష్టపోవువారు ఎవరో స్పష్టముగా గుర్తింపవలెను. ధనవంతుని కుమారుడు భారతీయ సంస్కృతిని ఏ దేశమున చదువగోరినను అతనిని ఆపు నిబంధన లేదు. తెలుగునాట చిందువారు, డక్కలివారు తరతరములుగా జాంబపురాణమును ఆడి, పాడి నిలుపుకొనివచ్చిరి. ఆ కుటుంబములలో పుట్టిన బాలిక ఎం.ఏ. వరకు చదివి, ప్రదర్శనకళల అధ్యయనములో విదేశమున శిక్షణ పొంది తన వారి పురాణమును శాస్త్రీయముగా పరిశీలింపదలచినదనుకొందము. అది భారతీయ సంస్కృతియు, వారసత్వమును గూడ అగుచున్నది. కనుక ఆమెకు వేతనము లేదు. అదే పురాణమును పరదేశపు పండితుడు తన దేశపు నిధులతో వచ్చి చదువుటకు ఆటంకము లేదు. ఇతరులు వ్రాయగా చదువుటయే తప్ప, తన వారిని గురించి తానే ప్రపంచ పండితసభలో మాటాడు అవకాశము ఆమెకు దూరమగును.

నిబంధనయొక్క అస్పష్టత వలన మరియొక హాని గలదు. భాష అను మాట నిషిద్ధ విషయములలో ప్రత్యక్షముగా లేదు. భాషాశాస్త్రము చదువవచ్చునా? తెలుగు మాండలికములపై వ్యాసము వ్రాయవచ్చునా? తాళపత్రముల సంరక్షణ నేర్వవచ్చునా? దరఖాస్తు చేయునాటికి అభ్యర్థికి తెలియదు. అట్టి స్థితిలో తెలివిగలవాడు తన విషయమునకు మారుపేరు పెట్టును. భారతదేశమను మాటను శీర్షికనుండి తొలగించి, పద్ధతిని మాత్రమే పేర్కొని, నిజమైన ఉద్దేశమును లోలోపల దాచుకొనును. సత్యాన్వేషణకై బయలుదేరు విద్యార్థి తొలి పత్రమునందే తన విషయమును దాచవలసివచ్చుట విద్యావ్యవస్థకు గౌరవము కాదు.

వేతనములు కొద్దియనియు, వానిని సాంకేతిక విద్యలకు ఇచ్చినచో ఉద్యోగములు త్వరగా లభించుననియు చెప్పువారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. పేదకుటుంబమునకు ఉద్యోగము అత్యవసరము. ఐనను ఏ విద్య తనకు మేలు చేయునో ఎన్నుకొను హక్కు అభ్యర్థిదే. అభ్యర్థి ప్రతిభను, ప్రతిపాదన నాణ్యతను బట్టి ఎంపిక సంఘము తీర్పు చెప్పవచ్చును. బలహీనమైన ప్రతిపాదనను తిరస్కరింపవచ్చును. ఒక విజ్ఞానక్షేత్రమునంతను ముందుగనే బహిష్కరించుట వేరు విషయము.

ఇతర వేతనముల నాశ్రయింపవచ్చునన్నచో, అందును భాషావిద్యార్థికి దారి సుగమము కాదు. 1959 ఆక్స్‌ఫర్డు సమావేశ నిర్ణయము ననుసరించి ఏర్పడిన కామన్వెల్తు విద్యార్థివేతనములు నేడు అభివృద్ధి సంబంధమైన అంశముల క్రింద దరఖాస్తులను కోరుచున్నవి. చీవెనింగు వేతనమునకు సుమారు రెండేండ్ల ఉద్యోగానుభవము కావలెను. 1950 నాటి ఒడంబడికతో భారతదేశమున ప్రారంభమై, నేడు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అని పిలువబడు ఎం.ఏ. స్థాయి వేతనమునకు మూడేండ్ల అనుభవము అడుగుచున్నారు. వారసత్వ సంరక్షణ, మ్యూజియముల అధ్యయనము వంటివి వారి విషయములలో చేరినవి గాని, శుద్ధ సాహిత్యమునకు అందు చోటు కానరాదు. అప్పుడే చదువు ముగించిన పల్లెటూరి విద్యార్థికి ఈ ద్వారములు వెంటనే తెరచుకొనవు. అందువలన జాతీయ పథకము మూసివేసిన ద్వారము అతనికి మరింత ముఖ్యమగుచున్నది.

ప్రభుత్వమును విమర్శించునంతటితో భాషాశాఖల కర్తవ్యము తీరదు. నిబంధన రేపే తొలగినను, దరఖాస్తు చేయగల విద్యార్థులను ఆ శాఖలు ఎంతవరకు సిద్ధపరచుచున్నవి? విదేశ విశ్వవిద్యాలయములలో సెప్టెంబరు ప్రాంతమున ప్రారంభమగు చదువునకు దరఖాస్తులు సాధారణముగా ముందటి శీతకాలముననే చేరవలెను. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేక టోఫెల్ పరీక్ష అంతకు ముందే ముగియవలెను. అనగా ఎం.ఏ. రెండవ సంవత్సరమున ప్రవేశించునప్పటికే విద్యార్థి పని మొదలుపెట్టవలెను. ఈ సంగతి పెక్కుమందికి పరీక్షలు ముగిసిన పిమ్మటగాని తెలియదు.

ఉద్దేశపత్రమును వ్రాయుట మరియొక కష్టము. తనకు తెలుగుపై చిన్ననాటి నుండి మక్కువ యని వ్రాసినందువలన ప్రయోజనము లేదు. ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నాడో, దానిపై ఇంతవరకు ఏమి జరిగినదో, ఆ విశ్వవిద్యాలయమున ఎవరి బోధన తనకు ఎట్లు తోడ్పడునో, తిరిగివచ్చి ఏమి చేయునో రెండు పుటలలో చెప్పగలుగవలెను. ఇది పరిశోధన విధానమున తొలి పాఠము. దీనిని తరగతిలో నేర్పినచో, విదేశమునకు పోనివానికిని మేలే కలుగును. ఆచార్యులిచ్చు సిఫారసు లేఖల విషయము గూడ ఇట్టిదే. విద్యార్థి సచ్ఛీలుడు, వినయసంపన్నుడు అని మూడు వాక్యములు వ్రాసిన లేఖ అతనికి ఉపకారము చేయదు. అతడు వ్రాసిన ఒక సెమినారు వ్యాసమును పేర్కొని, అందలి వాదమును, అతని పరిశ్రమను వివరించిన లేఖయే పరదేశపు ఎంపిక సంఘమునకు అర్థమగును.

సాహిత్యశాఖలలో మార్కులను పొదుపుగా వేయు పాత యాచారము కలదు. నూటికి 60 మార్కుల నియమము ఎదుట అది విద్యార్థి పాలిటి అడ్డుగోడ యగుచున్నది. పాఠ్యప్రణాళికకు ఆంగ్లమున అధికారికమైన వివరణ లేకపోవుటయు అట్టిదే. అష్టాదశ పురాణములు, ఛందస్సు, బాలవ్యాకరణము చదివిన విద్యార్థి ఏమి నేర్చెనో పరదేశపు సంఘమునకు తెలియజేయు పత్రము శాఖయే సిద్ధపరచి యుంచవలెను. ఇందులకు ప్రత్యేక నిధులు అక్కరలేదు.

కేంద్రీయ విశ్వవిద్యాలయముల భాషాశాఖలు ఏకమై 2022 నాటి విషయనిషేధమును తొలగింపవలసినదిగా మంత్రిత్వశాఖకు విజ్ఞప్తి చేయుట తగినది. పూర్తిగా తొలగించుటకు శాఖ అంగీకరింపనిచో, భాషాశాస్త్రము, లిఖితగ్రంథ సంరక్షణ, మౌఖిక సాహిత్య సంలేఖనము నిషిద్ధములు కావని స్పష్టపరచుచు ప్రకటన నైనను వెలువరింపవలెను. ఎంపిక సంఘమున భాషావిషయములు ఎరిగిన పండితునికి స్థానము కల్పింపవలెను. ఈ విజ్ఞప్తి ఫలించులోపల ప్రతి శాఖయందును ఒక ఆచార్యుడు విదేశ వేతనముల తేదీలను, నియమములను సేకరించి, విద్యాసంవత్సర ప్రారంభముననే విద్యార్థుల ముందుంచు బాధ్యతను స్వీకరించినచో, రాబోవు సంవత్సరము దరఖాస్తులలో భాషావిద్యార్థుల పేర్లు కొన్నియైనను కనబడగలవు.