బిల్లు కోసం కొనే బీమా

“పాలసీ కాపీ ఫైల్లో ఉంటే చాలు, బిల్లు ఆగదు.” నిర్మాణ రంగంలో బీమా గురించి నడుస్తున్న అభిప్రాయమంతా ఈ ఒక్క మాటలో ఉంది. టెండరు దక్కాక, అగ్రిమెంటు నాటికి ఎంత తక్కువకు దొరికితే అంతకు ఒక పాలసీ తెచ్చి డిపార్ట్‌మెంటులో ఇచ్చేస్తారు. ఆ తర్వాత దాన్ని తెరిచి చూసేవాళ్లు లేరు. ఏదైనా జరిగితే ఎలా అని అడిగితే “మాట్లాడుకుంటాం” అంటారు. చిన్న కాంట్రాక్టర్లే కాదు, పెద్ద పనులు చేసేవాళ్లూ ఇదే మాట ధీమాగా చెబుతుంటే భయమేస్తుంది. ఈ ధీమా చట్టం ముందు నిలవదు, లెక్కకూ నిలవదు. అన్నిటికన్నా ముఖ్యం, పరంజా మీద నిలబడి పనిచేస్తున్న మనిషికి ఇది తీరని అన్యాయం.

ఈ మాట్లాడుకోవడం ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. సెంట్రింగ్ కూలి ఒక కూలీ చనిపోతాడు. గుంపు మేస్త్రీ మధ్యవర్తిగా వస్తాడు, ఊరి నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. రెండు మూడు లక్షలు భార్య చేతిలో పెట్టి, ఇకపై ఏమీ అడగనని రాయించుకుని వేలిముద్ర వేయించుకుంటారు. మూడో రోజుకు సైటులో పని మొదలవుతుంది. కాంట్రాక్టరు గండం గడిచిందనుకుంటాడు. గడవలేదు. 1923 నాటి పరిహార చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. అడ్వాన్సుగా ఇచ్చిన దాంట్లో మూడు నెలల వేతనం మేరకే మినహాయింపు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని పదిహేడో సెక్షన్ చెబుతుంది. ఆ భార్య రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యమైనా తగిన కారణం చూపితే కమిషనర్ స్వీకరించవచ్చు.

అప్పుడు కట్టాల్సింది ఎంత? పరిహారం లెక్కకు తీసుకునే నెల వేతనం పరిమితిని కేంద్రం 2020 జనవరిలో 15,000 రూపాయలు చేసింది. మరణిస్తే అందులో సగం, అంటే 7,500. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలోని పట్టిక ఇచ్చే గుణకం 207.98. రెండూ గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోగా జమ చేయకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేని ఆలస్యానికి పరిహారంలో సగం దాకా జరిమానా. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా యజమాని మీద బాధ్యత అలాగే ఉంది.

“చనిపోయినవాడు నా మనిషి కాదు, సబ్ కాంట్రాక్టరు తెచ్చినవాడు” అనే వాదన ఇంకొకటి. చట్టం ఈ దారిని ఏనాడో మూసేసింది. పని అప్పగించినవాడే ముందు పరిహారం కట్టాలి, తర్వాత సబ్ కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. కాలికి చెప్పు కూడా సరిగా లేని మేస్త్రీ దగ్గర పదిహేను లక్షలు రాబట్టడం అయ్యే పనేనా? అయినా కార్మిక పరిహార పాలసీ తీసుకునేటప్పుడు సొంత జీతగాళ్లు పదిమందిని చూపించి, సైటులో తిరిగే మిగతా నలభైమందిని వదిలేస్తారు. సబ్ కాంట్రాక్టరు కూలీలను విడిగా చేర్చమని అడిగితేనే పాలసీలో చేరుస్తారు. ఆ నలభైమంది పేరున ప్రీమియం కట్టనివాడు ప్రమాదం రోజున బీమా కంపెనీని తిట్టడంలో అర్థం లేదు.

కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ, వాడుకలో కార్ పాలసీ, తీసుకుంటే అన్నీ వచ్చేసినట్టే అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. పేరులో “ఆల్” ఉన్నా అది కట్టడానికి జరిగే నష్టానికీ, బయటివాళ్లకు జరిగే నష్టానికీ మాత్రమే. కాంట్రాక్టరు సొంత కూలీలు అందులోకి రారు. వాళ్లకు కార్మిక పరిహార పాలసీ వేరుగా ఉండాలి. డిజైను లోపం వల్ల జరిగిన నష్టం మామూలు పాలసీలో ఉండదు. నాసిరకం పనిని సరిదిద్దే ఖర్చూ ఉండదు. ఇక హైదరాబాదులో రోజూ చూస్తున్న సెల్లార్ తవ్వకాలు: పక్క అపార్ట్‌మెంటు పునాది కింద మట్టి జారి గోడలు పగిలితే, ఆధారం బలహీనపడటం వల్ల కలిగిన నష్టం మామూలు పాలసీ మినహాయింపుల్లో ఉంటుంది. అదనపు ప్రీమియం కట్టి దాన్ని చేర్పించుకోవాలి. తవ్వకం మొదలుపెట్టకముందే పక్క భవనం స్థితిని రాసి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. మన నగరాల్లో అన్నిటికన్నా ముందు అడగాల్సిన రక్షణ ఇదే. అడిగేవాళ్లే కనిపించరు.

ప్రీమియం తగ్గించుకోవడానికి పని విలువ తగ్గించి రాయించడం ఇంకో అలవాటు. పది కోట్ల పనిని ఐదు కోట్లకే బీమా చేసినవాడికి నలభై లక్షల నష్టం వస్తే దామాషా కింద వచ్చేది ఇరవై లక్షలు, అందులోనూ కాంట్రాక్టరే భరించాల్సిన ఎక్సెస్ కోతపడుతుంది. గడువు పొడిగింపు లేఖ కోసం ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగే కాంట్రాక్టరు, ఆ పొడిగించిన కాలానికి పాలసీని కూడా పొడిగించాలని గుర్తుపెట్టుకోడు.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లిన కూలీలు ఎందరో. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం వేళ క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఒకచోట పనివాళ్లు, మరోచోట ఆ పనితో సంబంధమే లేని భక్తులు. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది, మనం న్యాయం జరిగిందనుకుంటాం. అది ప్రజల సొమ్ము. పరిహారం బాధ్యతను మోయాల్సింది కట్టినవాడు, అతని తరఫున అతని బీమా.

“ఒక శాతం సెస్సు కడుతున్నాం, సంక్షేమ బోర్డు చూసుకుంటుంది” అనేవాళ్లకు ఒక్కటే జవాబు. బోర్డు సాయం ప్రధానంగా పేరు నమోదైన కార్మికులకే. పొరుగు రాష్ట్రాల నుంచి రైలు దిగి నేరుగా సైటుకు వచ్చిన కుర్రాడికి ఆ నమోదు ఎక్కడిది? నమోదై ఉన్నా, బోర్డు ఇచ్చిన డబ్బుతో యజమాని బాధ్యత రద్దవదు.

కంపెనీలు క్లెయిములు ఎగ్గొడతాయన్న ఆరోపణను మాత్రం నేను కొట్టిపారేయను. సర్వేయరు రావడం ఆలస్యం, అడిగిన కాగితమే మళ్లీ అడగడం, సన్న అక్షరాల షరతులు చివర్లో బయటపెట్టడం, ఇవన్నీ నిజమే. మినహాయింపులను తెలుగులో వివరించి చెప్పే ఏజెంటు దొరకడం కష్టం. అయితే దీనికి విరుగుడు సరైన పాలసీ అడిగి తీసుకుని, కూలీల హాజరు పట్టీ రోజూ రాసి, ప్రమాదం జరిగిన రోజే కంపెనీకి తెలియజేసి, తర్వాత పట్టుబట్టి పోరాడటం. ఉత్తుత్తి కాగితం కొన్నవాడికి పోరాడటానికి చేతిలో ఏముంటుంది?

అసలు తప్పులో సగం డిపార్ట్‌మెంట్లది. అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికే పని ఇచ్చే పద్ధతిలో, ప్రీమియం నిజాయితీగా లెక్కవేసుకున్నవాడు ఓడిపోతాడు. అందుకే ప్రీమియాన్ని టెండరు రేటులో కలపకుండా ఎస్టిమేటులో విడి ఐటెంగా పెట్టాలి, రసీదు చూపినంత మేరకు చెల్లించాలి. ప్రతి రన్నింగ్ బిల్లుకూ ఇంజనీరు మూడు సంగతులు సరిచూడాలి: పాలసీ మొత్తం పని విలువకు సరిపోతుందా, గడువు ఉందా, హాజరు పట్టీలోని కూలీలందరూ అందులో ఉన్నారా. మూడింట్లో ఏది లేకపోయినా ఆ బిల్లు ఆపాలి.