రేడియో కారు: విప్పి బాగుచేయ వీలగు బండినే కొనవలెను

పండుగలకును పుట్టినరోజులకును మన యిండ్లకు వచ్చు బొమ్మలలో నేడు రేడియో కారునకు పెద్దపీట దక్కినది. కాశిచెట్టి వీధి అంగళ్లలోను, బర్మాబజారులోను రంగురంగుల పెట్టెలలో అవి కుప్పలుగా నున్నవి. మేనమామ యొకటి కొని తెచ్చును. వారము దినములు ఇల్లంతయు దాని సందడియే. ఎనిమిదవనాడు చక్రము తిరుగదు. తొమ్మిదవనాడు బండి అటక యెక్కును. “ఈ పిల్లలు ఏ వస్తువును నిలువనీయరు” అని పెద్దలు విసుగుకొందురు. నిలువని వస్తువును కొన్నది పెద్దలే గదా! ఈ విషయమున మన యిండ్లవారు కొంచెము ఆలోచింపవలసి యున్నది.

రేడియో కార్లు రెండు తెగలు. మొదటి తెగ వట్టి ఆటబొమ్మ. మీట నొక్కిన పూర్తి వేగము, వదలిన నిలుపు; నడిమి స్థితి లేదు. లోపలి సరంజామా చాలవరకు ఒకే పలకపై అతుకబడి యుండును గనుక, ఒక భాగము చెడిన తక్కినదంతయు వ్యర్థమగును. రెండవ తెగ అభిరుచి గలవారి కొరకు చేయబడిన బండి. ఇందు మీటను ఎంత లాగిన అంత వేగము, రిమోటుపై నున్న చిన్న చక్రమును ఎంత త్రిప్పిన అంత మలుపు. మోటారు, దాని వేగమును అదుపుచేయు కంట్రోలరు, ముందు చక్రములను మలపు సర్వో, ఆజ్ఞను అందుకొను రిసీవరు, శక్తినిచ్చు బ్యాటరీ, ఇవి సాధారణముగా వేరువేరు భాగములు. కొన్ని చిన్న బండ్లలో కంట్రోలరును రిసీవరును ఒక్కటిగా చేయుట కలదు. ఏది చెడిన దానిని మాత్రమే స్క్రూలు విప్పి మార్చుకొనవచ్చును. గేర్లు, ఇరుసులు, టైర్లు విడిగా దొరకును. మొదటి తెగ వెల వందలలో మొదలగును, రెండవది వేలలో. కాని ఏటికి మూడు బొమ్మలు విరుగు ఇంట, కొన్నియేండ్లు నిలుచు ఒక బండిని దుబారా యనుట తగదు. కొనుటకు ముందు అంగడివానిని అడుగవలసిన ప్రశ్న యొక్కటే: “దీనికి విడిభాగములు దొరకునా?” దానికి సూటియైన సమాధానము రానిచో ఆ పెట్టెను అచ్చటనే విడిచి రావలెను.

ఈ వినోదము పుట్టుకయే చేతిపనిలో నున్నది. తీగ లేకుండ దూరమునుండి యంత్రమును నడపవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను నడపి లోకమునకు చూపెను. 1960ల నడుమ ఇటలీ దేశపు ఎల్జీ సంస్థ రేడియో కార్లను అమ్మకమునకు తెచ్చెను. 1976లో జపానుదేశపు టమియా సంస్థ పోర్షే 934 నమూనాను విడుదల చేసెను. పెట్టెలో వచ్చినది సిద్ధమైన కారు కాదు, కారు భాగములు. కొన్నవాడు పటమును చూచుచు ఒక్కొక్క స్క్రూను బిగించి తన బండిని తానే కూర్చుకొనవలెను. నేటికిని అట్లు కూర్చుకొను పెట్టెలు దొరకుచున్నవి. తాను కూర్చిన బండి ఎచ్చట చెడినదో కనుగొనుట బాలునకు కష్టము కాదు.

జార్జి టౌను వారికి ఇది క్రొత్త విద్య యని నేను తలపను. సెంబుదాసు వీధిలో ఇనుప సామాను అమ్మువారు, ఆండర్సను వీధిలో కాగితము అమ్మువారు, తంగసాల వీధిలో త్రాసు పట్టినవారు, అందరును వస్తువును చేతితో తాకి దాని గుణమును చెప్పగలిగిన వారే. 1985లో అగ్నికి ఆహుతియైన మూరు మార్కెట్టును మన పెద్దలు ఇంకను తలచుకొనుచునే యున్నారు. పాత వస్తువునకు మరల ప్రాణము పోయవచ్చునను నమ్మకముపై నిలిచిన బజారు అది. నేటి మన బాలబాలికలకు వస్తువు అనగా గాజుపలకపై వ్రేలితో జరుపునది, చెడిన పారవేయునది. మన యిండ్లలో సడలిపోవుచున్న ఈ చేతి తెలివియే నా దిగులు. ఆ తెలివిని మరల ఇంటికి తెచ్చుటకు పిల్లలే కోరి పట్టుకొను వస్తువుకంటె మంచి సాధన మేమి గలదు?

ఇక మొదలుపెట్టు పద్ధతి. బండి పరిమాణమును నిజమైన కారుతో పోల్చి చెప్పుదురు. పదవ వంతు బండి మూరకు కొంచెము తక్కువ పొడవుండును; పదునెనిమిదవ వంతు బండి జానెడు. మన పేటలో ఆటస్థలము లేదు. వీధులా, ఇరుకు. ఆదివారము టోకు అంగళ్లు మూసియున్నప్పుడు గోడౌను వీధి వంటివి కొంత తెరపియిచ్చును గాని, అచ్చటను ద్విచక్రవాహనములు వచ్చుచునే యుండును, వృద్ధులు నడచుచుందురు. ఈ తెగ బండ్లలో గంటకు 30 కిలోమీటర్లు మించి పరుగెత్తునవి గలవు. కావున వీధి పనికిరాదు. మనకున్న మంచి చోటు మిద్దె. పిట్టగోడ గల మిద్దెపై జానెడు బండి చక్కగా ఆడును. కొన్ని రిమోట్లలో వేగమును తగ్గించి యుంచు ఏర్పాటు కలదు. మొదటి నెల దానిని విడువరాదు.

తొలిదినములలో వేగముపై మోజు పడక, రెండు చెప్పులను పది అడుగుల దూరమున నుంచి, వాని చుట్టు ఎనిమిది అంకె వలె బండిని త్రిప్పుట అభ్యసింపవలెను. బండి మననుండి దూరముగా పోవునప్పుడు కుడి కుడియే. మనవైపు తిరిగి వచ్చునప్పుడు కుడి యెడమ యగును. క్రొత్తవాడు గోడకు కొట్టుట సాధారణముగా ఇచ్చటనే. “నేను బండిలో కూర్చున్నాను” అని భావించి నడపువానికి ఈ తికమక త్వరలో తీరును. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపు దాటిన పిదప పెంచవలెననుట రెండవ పాఠము. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు షోలవరపు పాత విమానపు పట్టీపై జరిపిన పందెములలో నిజమైన కార్లకు వర్తించిన సూత్రమును ఇదియే. ఆ పందెములలో కారు నడపుట అందరికిని సాధ్యము కాదు. ఈ పాఠమునకు మిద్దె చాలును.

పాఠకులు అన్నిటికంటె శ్రద్ధగా చదువవలసినది బ్యాటరీ విషయము. లిథియం పాలిమర్ బ్యాటరీ తేలికయైనది, బలమైనది; కాని ఉబ్బినను, పొడుచుకొనినను, మితిమీరి చార్జి చేసినను మండగలదు. మన యిండ్ల స్థితి ఎట్టిది? క్రింద గుడ్డల మూటలు, కాగితపు కట్టలు, పైన కాపురము, నడుమ కొయ్య దూలములు. ఇట్టి యింట మొదటి బండికి నికెల్ మెటల్ హైడ్రైడు బ్యాటరీ మేలని నా నిశ్చితాభిప్రాయము. ఒక్కొక్క గడి 1.2 వోల్టులు, ఆరు గడులు కలసి 7.2 వోల్టులు. వేగము కొంత తగ్గును. చిన్న పొరపాట్లను అది ఓర్చుకొనును. కొన్న బండితో లిథియం బ్యాటరీయే వచ్చినచో దానికి తగిన చార్జరునే వాడవలెను. పాలిమర్ తెగకు గడి 4.2 వోల్టులు దాటరాదు, 3 వోల్టుల క్రిందికి దిగరాదు. రాత్రి చార్జి పెట్టి నిద్రపోరాదు. సరకుల గదిలో పెట్టరాదు. ఉబ్బినదానిని మరల వాడరాదు. ఈ నియమములను పాటింపలేని యింట లిథియం బండి ఉండకుండుటయే క్షేమము.

సముద్రము దగ్గర యని బండిని మెరీనా యిసుకకు తీసికొనిపోవు ముచ్చట చాలమందికి గలదు. సన్నని యిసుక గేర్ల నడుమ దూరి పండ్లను అరగదీయును. ఉప్పు బేరింగులను త్రుప్పు పట్టించును. ఆట ముగిసిన వెంటనే మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, స్క్రూలను ఒకసారి తడిమి చూచి, బ్యాటరీని విడదీసి దాచుట అలవాటు చేసికొనవలెను. ఈ పావుగంట పనియే అసలు చదువు. ఒక జత మంచి స్క్రూడ్రైవర్లు, ఒక పట్టకారు, ఒక కుంచె, స్క్రూలు జారిపోకుండ ఒక సత్తు పళ్లెము: ఆరంభమునకు ఈ పనిముట్లు చాలును.

పూర్వము 27 మెగాహెర్ట్జులపై నడచు రెండు బండ్లు ఒకే చానలుపై నున్నచో ఒకరి మీటకు మరియొకరి బండి కదలెడిది. నేటి 2.4 గిగాహెర్ట్జుల రిమోట్లు తమ బండిని తామే గుర్తించుకొనును గనుక నలుగురు కలసి ఆడవచ్చును. పదునాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలకు మనదేశమున 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయబడినది. చౌకగా వచ్చినదని గుర్తు లేని పెట్టెను ఇంటికి తేరాదు.

“సెల్ఫోనులో కారు ఆటలు ఊరకే దొరకుచుండగా ఇంత తిప్పలేల?” అని కొందరు అడుగవచ్చును. ఆ ఆటలో గోడకు గుద్దిన కారు మరునిమిషమున క్రొత్తదై నిలుచును. మిద్దెపై గుద్దిన బండి అట్లు నిలువదు; ఏ పుల్ల విరిగినదో వెదకవలెను, విప్పవలెను, మార్చవలెను, మరల బిగింపవలెను. చేసిన పనికి ఫలమున్నదని బాలునకు తెలియుట అప్పుడే. ఇది మగపిల్లలకే యని ఎంచుటయు పొరపాటు. కొలువునాడు బొమ్మల మెట్ల ముందు ఉద్యానములు, బాటలు తీర్చిదిద్దు మన ఆడపిల్లల చేతులకు స్క్రూడ్రైవరు భారము కాదు.

కావున మన సంఘమువారికి ఒక మనవి. నెలకొక ఆదివారము ప్రొద్దుట ఒక బల్ల వేసి, నాలుగు పనిముట్లు అమర్చి, అటకలపై పడియున్న బండ్లను తీసికొని రండని పిల్లలను పిలువుడు. ఒకప్పుడు రేడియోలు విప్పి బాగుచేసిన పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. టంకము పట్టు నేర్పు వారి చేతులను విడిచి పోలేదు. తాత చూపగా మనుమరాలు తీగ నతికించిన బండి మరల కదలినచో, దాని వెల ఎంతయని ఎవ్వరును అడుగరు. ఆ చేతులు అలసిపోకముందే ఈ పని జరుగవలెను.