గాల్ట్ లోయలో మనకు చోటుందా?



మన హాస్టళ్లలో చదివి పై చదువులకు హైదరాబాద్ వెళ్లిన అన్నలు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని తెచ్చే పుస్తకాల్లో ఒక లావాటి ఇంగ్లీషు నవల తరచుగా కనిపిస్తుంది. అది అయిన్ రాండ్ 1957లో రాసిన 'అట్లాస్ ష్రగ్డ్'. చదివినవాళ్లలో కొందరు, "దేశం అలా ఉంటే ఎంత బాగుండేది! ప్రభుత్వం లేదు, పన్ను లేదు, ఎవడి తెలివి వాడిది, ఎవడి సంపాదన వాడిది" అంటారు. స్టడీ అవర్ అయ్యాక ఈ విషయం మీద వాదనలు చాలా జరిగాయి. ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయం రాతపూర్వకంగా చెప్పాలనుకున్నాం. అలాంటి ఊరు నిజంగా నిలబడుతుందా? నిలబడితే అందులో మనలాంటి వాళ్లకు చోటుంటుందా?

చదవని వాళ్ల కోసం కథ కొంచెం చెప్పాలి. అమెరికాలో అధికారులు, వాళ్లకు దగ్గరైన పెద్దలు కలిసి పనిచేసేవాళ్ల కష్టాన్ని దోచుకుంటుంటారు. దాంతో ఇంజనీర్లు, పారిశ్రామికవేత్తలు, డాక్టర్లు, కళాకారులు ఒక్కొక్కరుగా మాయమవుతారు. వాళ్లందరూ జాన్ గాల్ట్ అనే ఇంజనీరు పిలుపు మీద కొలరాడో కొండల్లోని ఒక రహస్య లోయకు చేరుకుంటారు. అక్కడ ప్రభుత్వం లేదు. నాణేలు బంగారానివి. కారు కావాలన్నా అద్దె కట్టాలి. విమానం కూలి ఆ లోయలో పడ్డ కథానాయిక డాగ్నీ సైతం తిండికీ గదికీ బదులుగా గాల్ట్ ఇంట్లో వంటపని, ఇంటిపని చేస్తుంది. లోయలో నిషేధించిన మాట ఒక్కటే. అది 'ఇవ్వడం'.

ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలి, మనిషికీ అతని ఆస్తికీ ఒప్పందానికీ ఎవరూ అడ్డు రాకూడదు అనేవాళ్లను లిబర్టేరియన్లు అంటారు. రాండ్‌కు ఆ పేరు నచ్చేది కాదు. అయినా వాళ్లలో చాలామందికి ఈ లోయే కలల ఊరు.

ఈ నవల మన పిల్లలకు ఎందుకు నచ్చుతుందో మాకు తెలుసు. ఆఫీసుల చుట్టూ తిరిగి, సంతకం కోసం రోజంతా నిలబడి, స్కాలర్‌షిప్ ఈ నెల వస్తుందా పై నెల వస్తుందా అని ఎదురుచూసిన వాళ్లకు అధికారి మీద కోపం ఉండటం సహజం. పనిచేసేవాడే గొప్పవాడు, పుట్టుక కాదు అనే మాట మన చెవికి ఇంపుగా ఉంటుంది. తరతరాలుగా పుట్టుకను బట్టి కొలిచిన సమాజంలో పెరిగినవాళ్లం మనం. రాండ్ కోపం కూడా ఊరికే పుట్టింది కాదు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టిందామె. తండ్రి మందుల దుకాణాన్ని బోల్షివిక్కులు స్వాధీనం చేసుకున్నారు. ఒక్క రాత్రిలో బతుకు తలకిందులైన ఇంటి పిల్ల రాసిన నవల అది. ఆ బాధను తక్కువ చేయం.

కానీ ఆ లోయ దేని మీద నిలబడిందో చూడండి. గాలిలోంచి కరెంటు లాగే మోటారును గాల్ట్ కనిపెట్టాడు. అది కాలిపోదు, దానికి బిల్లు రాదు. మన హాస్టల్ బోరు మోటారు ఏటా ఎన్నిసార్లు కాలుతుందో మనకు తెలుసు. లోయ బయటివాళ్ల కంటికి కనబడకుండా కిరణాల తెర ఉంది. కాబట్టి పొరుగు ఊరితో పేచీ లేదు, సైన్యం అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, లోపలికి ఎవరు రావాలో రచయిత్రే ఎంచుకుంది. వచ్చినవాళ్లందరూ ఆరోగ్యవంతులు, మాట తప్పనివాళ్లు. అక్కడ ఒక జడ్జి ఉన్నాడు గానీ తీర్పు చెప్పే అవసరమే రాదు. పనిచేయలేని ముసలి తల్లి, అప్పులపాలైన కూలీ, పుట్టుకతో నడవలేని పిల్లాడు ఆ లోయలో మనకు ఎదురుపడరు. చెత్త ఎవరు ఎత్తుతారనే ప్రశ్న దగ్గర నవల ఆగదు. ఇన్ని సౌకర్యాలు రచయిత్రి ఉచితంగా ఇచ్చిన ఊరు, 'ఇవ్వడం' అనే మాటను నిషేధించింది!

నవల సంగతి సరే, నిజంగా ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో గ్రాఫ్టన్ అనే చిన్న ఊరుంది. వెయ్యికి కాస్త ఎక్కువ జనాభా. 2004 నుంచి లిబర్టేరియన్లు ఆ ఊరిని 'స్వేచ్ఛా పట్టణం' చేద్దామని వచ్చి చేరారు. పన్నులు తగ్గించాలని పట్టుబట్టారు. ఊరి ఖర్చులు కోసేశారు. వీధి దీపాలు ఆర్పారు, రోడ్ల మరమ్మతులు వెనకబడ్డాయి. ఆ ప్రాంతంలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. చెత్తను ఎలా పారేయాలో చెప్పడానికి ఎవరికీ అధికారం లేదని కొందరు, ఎలుగులకు తిండి పెట్టడం తమ ఇష్టమని కొందరు. ఒకరు గింజలు పెడితే, పక్కింటివారి పెరట్లోకి ఎలుగు వచ్చింది. 2012లో ఆ ఊళ్లో ఒక మహిళ మీద ఎలుగుబంటి దాడి చేసింది. ఈ ఊరి కథను ఒక జర్నలిస్టు 2020లో పుస్తకంగా రాశాడు. ఎలుగుబంటికి ఒప్పందం తెలియదు, సరిహద్దు రాయి తెలియదు. కలరా, వరద, కార్చిచ్చు కూడా అంతే. అందరూ కలిసి కాచుకోవలసినవాటిని ఎవరికి వారు కాచుకోలేరు.

చిలీ దేశంలో కురకావి అనే ఊరి దగ్గర 2012 తర్వాత కొందరు ఏకంగా గాల్ట్ లోయ పేరుతోనే భూమి కొని, ప్లాట్లు అమ్మకానికి పెట్టారు. డబ్బు కట్టినవాళ్లు చాలామందే. చివరికి ప్లాట్లు చేయడానికి అనుమతుల దగ్గర, నీటి హక్కుల దగ్గర చిక్కులు వచ్చాయి. భాగస్వాములు ఒకరి మీద ఒకరు మోసం చేశారని ఆరోపించుకున్నారు. న్యాయం కోసం ఎక్కడికి వెళ్లారు? చిలీ ప్రభుత్వ కోర్టులకు!

హోండురస్‌లోని రోయటాన్ దీవిలో 'ప్రోస్పెరా' అనే ప్రైవేటు పట్టణం ఉంది. ఆ దేశం 2013లో చేసిన చట్టం దానికి ఆసరా. సొంత నిబంధనలు, తక్కువ పన్నులు. పక్కనే ఉన్న చిన్న పల్లె జనం తమ భూమి పోతుందేమోనని భయపడ్డారు. 2022లో అక్కడి పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. 2024లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. కంపెనీ మాత్రం దాదాపు 1,070 కోట్ల డాలర్లు నష్టపరిహారం కావాలని ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఉన్న ట్రిబ్యునల్‌కు ఎక్కింది. ప్రపంచ బ్యాంకు ఎవరిది? ప్రభుత్వాలది. ప్రభుత్వం వద్దన్నవాళ్లకు కష్టం వస్తే ప్రభుత్వాలు పెట్టిన గడపే దిక్కయింది.

"అవి మనుషుల తప్పులు, సిద్ధాంతం తప్పు కాదు" అని మా మిత్రులు కొందరు అంటారు. ప్రభుత్వాలు విఫలమైనప్పుడు మాత్రం ఇదే మాట ఒప్పుకోరు. ఏ వ్యవస్థ అయినా ఉన్న మనుషులతోనే నడవాలి. మంచివాళ్లను ఏరుకుని తెచ్చుకుంటే ఏ వ్యవస్థ అయినా నడుస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. లోయ మొత్తం ఒక్కడి ఆస్తి. మిడాస్ మలిగన్ అనే బ్యాంకరు కొని, తనకు నచ్చినవాళ్లకు అమ్ముతాడు. ఆ భూమి అతనికంటే ముందు ఎవరిదని ఎవరూ అడగరు. కొలరాడో కొండల్లో యూట్ తెగ ఆదివాసులు బతికేవారు. 1881లో వాళ్లలో చాలామందిని అక్కడి నుంచి తరిమేశారు. ఆస్తి పవిత్రమైనదే అనుకున్నా, అది ఎలా వచ్చిందో అడగకూడదా?

యజమాని ఇష్టమే చట్టమైతే ఏమవుతుందో చెప్పడానికి మనకు అమెరికా దాకా పోనక్కర్లేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచామన్నది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాది మందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత అగ్రకులాల వాళ్లు కోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదన ఏమిటో గుర్తుంచుకోండి. ఆ చెరువు పబ్లిక్‌ది కాదు, ప్రైవేటు ఆస్తి అని! పదేళ్లు కేసు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు ఆ వాదన కొట్టేసింది. గాల్ట్ లోయలో అయితే ఆ కేసు మొదటి రోజే మనం ఓడిపోయేవాళ్లం.

ఇది మా ఊహ కాదు. రాండ్ జాతి వివక్షను గట్టిగా ఖండించింది, అది నిజం. కానీ 1963లో అమెరికాలో పౌరహక్కుల బిల్లు వచ్చినప్పుడు, ప్రైవేటు హోటళ్లు, దుకాణాలు నల్లవారిని గెంటేయకూడదని శాసించడాన్ని ఆమె వ్యతిరేకించింది. యజమాని ఆస్తి హక్కుకు అది భంగమన్నది. మన రాజ్యాంగం 15వ అధికరణం వేరే దారి పట్టింది. దుకాణం, హోటలు, బావి, చెరువు దగ్గర కులం పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదన్నది. దుకాణం ప్రైవేటుదే, అయినా గడప మీద కులాన్ని నిలబెట్టే స్వేచ్ఛ యజమానికి లేదు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన పెద్దలకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకొక్క సంగతి. విప్లవం తర్వాత స్త్రీలకు, యూదులకు తలుపులు తెరిచిన పెట్రోగ్రాడ్ విశ్వవిద్యాలయంలోనే రాండ్ చదివింది. 1926లో అమెరికా చేరితే చికాగోలోని బంధువులు ఆదరించారు. ముసలితనంలో ప్రభుత్వ పెన్షన్ కూడా తీసుకుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల మీద 1966లో ఒక వ్యాసం రాసింది. సంక్షేమాన్ని వ్యతిరేకించేవాళ్లు స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, ఎందుకంటే అది వాళ్ల దగ్గర లాక్కున్నది తిరిగి పొందడమే అని ఆమె వాదన. సమర్థించేవాళ్లకు మాత్రం ఆ హక్కు లేదట!

ఆమె లెక్కనే తీసుకుందాం. లాక్కున్నది తిరిగి ఇవ్వడం న్యాయమైతే, తరాలుగా వెట్టి చేసిన చేతులకు రావలసిన బాకీ ఎంత? చదువు దక్కనివ్వని తరాలకు ఎంత? మన అమ్మానాన్నలు సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతూనే ఉన్నారు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. మనకిచ్చే ట్రంకు పెట్టె, దుప్పటి, డైట్ చార్జీలు ఎవరి దయా కాదు. బాకీలో కొంత భాగం. అది కూడా ఆలస్యంగా.

అలాగని ఇప్పుడున్న ప్రభుత్వం బాగుందని మేము అనడం లేదు. పప్పు నీళ్లయితే, బాత్‌రూముకు తలుపు లేకపోతే, స్కాలర్‌షిప్ ఏడాది ఆలస్యమైతే అడగాలి. మెస్ కమిటీలో అడగాలి, కలెక్టరేట్ ముందు కూర్చుని అడగాలి, 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగాలి. అడగడానికి ఒక గడప ఉంది, ఓటు ఉంది. మలిగన్ లోయలో అద్దె కట్టలేనివాడు అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?

సీనియర్ మిత్రులకు ఒక మనవి. మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డాక "నా తెలివితో నేను పైకి వచ్చాను, హాస్టళ్ల మీద ఖర్చు దండగ" అనే మాట మనవాళ్ల నోటే వినపడుతోంది. తెలివి మీదే, కష్టం మీదే. కానీ తెల్లవారుజామున లేచి వంట చేసిన కుక్, గదులు ఊడ్చిన కమాటి, రాత్రంతా మేలుకున్న వాచ్‌మన్ లేకుండా ఆ తెలివి పదో తరగతి దాటేదా? లోయలో నిషేధించిన ఆ మాట మీదే మన హాస్టల్ నడిచింది.

ఆ నవల చదవండి. పని మీద గౌరవం నేర్చుకోండి, పెత్తనానికి తలవంచకపోవడం నేర్చుకోండి. కానీ ఏ కలల ఊరి గురించి ఎవరు చెప్పినా ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ ఊరి బావి ఎవరిది, అక్కడ నీళ్లు తోడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?